వంతెన ఎక్కేటప్పటి గలగల

నా నోట్లో నువ్వుగింజ నానదని మా పేటంతా అనుకుంటారు. అబద్ధమేమీ కాదు. ఎవరికి సంబంధం కుదిరినా, ఎవరింట్లో మాటా మాటా పెరిగినా ముందు నా నోటే మోగుతుంది. అలాంటిదాన్ని పోయిన వానాకాలం ఒక్క మాట రెండు నెలలు కడుపులో పెట్టుకుని తిరిగాను. నా జన్మలో దాచకుండా చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే అదొక్కటే.

మా ఆయన పేరు సామ్యేలు. బందరులో చిలకలపూడి వెళ్ళే దారిలో మాకో రేకుల షెడ్డు ఉంది. ముందు షెడ్డు, వెనక మా రెండు గదులు. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా ఆయన అక్కడే కార్లు బాగుచేస్తున్నారు. కొత్త కార్లు ముట్టుకోరు. వాటికి కంప్యూటర్ తగిలిస్తే రోగమేమిటో అదే చెబుతుంది, మనిషితో పనిలేదు. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ పాతవి. పాత మారుతీలు, అంబాసిడర్లు, మా పాస్టరుగారి జీపు. గుడివాడ నుంచి తెచ్చేవాళ్ళు, అవనిగడ్డ నుంచి తెచ్చేవాళ్ళు, ఆఖరికి కోడూరు నుంచి కూడా ఇంత దూరం తెచ్చేవాళ్ళు. దేనికంటే, ఆయన చెవికోసం.

ఇంజన్లో పెట్రోలు అంటుకోవాలంటే నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వ వెంట్రుకవాసి ముందు పడితే ఒక తంటా, వెనక పడితే ఇంకో తంటా. ఆ వేళ కుదర్చడానికి డిస్ట్రిబ్యూటర్ అని ఒక డబ్బా ఉంటుంది, దాన్ని ఇటో అటో తిప్పాలి. మిగతా మెకానిక్కులు టైమింగ్ లైటు పెట్టి, గుర్తు చూసుకుని తిప్పుతారు. మా ఆయన చెవి పెట్టి తిప్పుతారు. కాస్త తిప్పి, బండిని ఊరి బయట కాలవ వంతెన మీదికి టాప్ గేరులో ఎక్కిస్తారు. మాది చాప పరిచినట్టుండే నేల, బండికి ఎత్తు చూపించాలంటే వంతెనే గతి. ఎక్కేటప్పుడు ఇంజన్లోంచి గాజులు కదిలినట్టు సన్నగా గలగలమని చప్పుడు రావాలి, వచ్చి వెంటనే పోవాలి. అసలు రాకపోతే ఇంకాస్త ముందుకి తిప్పాలి. వచ్చి పోకుండా ఉంటే వెనక్కి తిప్పాలి. తిప్పకుండా వదిలేస్తే ఇంజన్ లోపల్లోపలే కాలిపోతుంది. ఇదంతా నీకెలా తెలుసమ్మా అంటారేమో, ఒకే మనిషి పక్కన ముప్పై రెండేళ్ళు కూర్చుని అన్నం తింటే ఏదైనా తెలుస్తుంది.

ఆషాఢం మొదట్లో, నారుమళ్ళు పోస్తున్న రోజుల్లో, ఈశ్వరప్రసాద్ గారు తన మారుతీ తెచ్చారు. గూడూరు పక్కన పల్లెటూరు ఆయనది, పెద్ద రైతు. తొంభై రెండులో కొన్న తెల్లటి మారుతీ అది. ఏటా తొలకరి పడగానే మా షెడ్డుకి తెచ్చి ట్యూనింగ్ చేయించుకెళ్ళడం ఆయనకి ఏరువాక సాగించడమంత ముఖ్యం. ఇంట్లో కొడుకు కొన్న పెద్ద కారు ఉంది. ఈయన మాత్రం దాని తలుపు కూడా తియ్యరు. మా ఆయన్ని సామ్యేలూ అని, నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు. వచ్చినప్పుడల్లా అరటి గెలో, పనసకాయో డిక్కీలో వేసుకొస్తారు.

ఆయన్ని బస్సెక్కించి, సాయంత్రానికి బండి పంపిస్తామని చెప్పి, మా ఆయన పనిలోకి దిగారు. డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు అరగదీశారు, రవ్వ పడే ప్లగ్గులు తుడిచారు. ఇక వంతెన మీదికి తీసుకెళ్ళడమే మిగిలింది.

“ఏవండీ, గిలకలదిండి వైపే కదా. నేనూ వస్తా, చేపలు తెచ్చుకోవాలి” అన్నాను.

“నువ్వెక్కితే బండికి లోడు కూడా సరిపోతుంది, రా” అన్నారు.

ఆయన ఎగతాళి అలాగే ఉంటుంది. నేను సంచి పుచ్చుకుని ముందు సీట్లో కూర్చున్నాను. వంతెన ఎక్కుతుండగా చప్పుడు మొదలైంది. సన్నగా కాదు, స్టీలు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు. వంతెన పైకి చేరేదాకా ఆగలేదు. నేను ఆయన మొహం చూశాను. తల కాస్త కిందికి వంచి, పెదాలు బిగించి వింటున్నారు. ముప్పై రెండేళ్ళుగా నేను చూస్తున్న మొహమే అది, దాంట్లో ఏ మార్పూ లేదు. పైకి వెళ్ళాక బండి ఆపి, దిగి, బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్‌ని ఇంకొంచెం ముందుకి తిప్పారు.

“ఇంకా రాలేదే” అన్నారు వచ్చి కూర్చుంటూ.

ఆయన బండి వెనక్కి తిప్పి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కించారు. ఈసారి చప్పుడు ఇంకా పెద్దదైంది. కాలవ గట్టు మీద గడ్డి కోస్తున్న మనిషి ఒకావిడ తలెత్తి చూసింది. ఆయన మళ్ళీ దిగి, మళ్ళీ తిప్పారు. మూడోసారి ఎక్కించినప్పుడు ఆయన మొహం విచ్చుకుంది.

“ఆఁ, ఇప్పుడొచ్చింది. విన్నావా, ఎంత సన్నగా వచ్చి పోయిందో” అన్నారు.

“ఊఁ” అన్నాను.

అంతే. ఆ ఒక్క ‘ఊఁ’ దగ్గరే నేను తప్పు చేశాను. అక్కడే చెప్పాల్సింది. వంతెన మీద మేమిద్దరమే ఉన్నాం, గట్టు మీద ఆ గడ్డి కోసే మనిషి తప్ప ఇంకెవరూ లేరు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆయన ఎప్పుడూ ఒక మాట అంటుంటారు. “చెవి లేకపోతే ఇక సామ్యేలు ఎందుకు, లైటు పెట్టి చూసేవాళ్ళు బజారుకి పది మంది ఉన్నారు” అని. గొప్పకే అంటారు. ఆ మాటే నన్ను ఆపేసింది. చెవి పోయిందని ఆయనకి తెలిస్తే మనిషి ఏమైపోతారో, నలుగురికీ తెలిస్తే షెడ్డు ఏమైపోతుందో, రెండూ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. గిలకలదిండిలో నేను కొన్న చేపలేమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు.

అప్పట్నించి ఆయన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు. ఎదురుగా నిలబడితే అన్నీ వింటున్నారు. వింటున్నారా, నా పెదాలు చూసి పోల్చుకుంటున్నారా అన్నది తేలలేదు. కుక్కర్ కూత వినరు, లారీ హారన్ వింటారు. సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి, మొరటువి మిగిలాయి. ఇన్నాళ్ళూ నేను కోపమొస్తే ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో’ అనేదాన్ని. ఒకరోజు అలవాటుగా ఆ మాట నోటిదాకా వచ్చి, మింగేశాను.

ఒక ఆదివారం చర్చిలో పాట అయిపోయింది. అందరూ ఆగారు. మా ఆయన గొంతు ఒక్కటే ఇంకో చరణం ఎత్తుకుంది. మంచి గొంతు ఆయనది, ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టే ఉండిపోయారు, మర్యాదస్తుడు. నేను మోచేత్తో పొడిస్తే గానీ మా ఆయన ఆపలేదు.

“ఈమధ్య జనానికి పాట పూర్తిగా పాడే ఓపిక కూడా లేకుండా పోయింది” అన్నారు ఇంటికి నడుస్తూ.

ఆ రోజు మా అమ్మాయి కల్పన గుడివాడ నుంచి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు అది. మధ్యాహ్నం టీవీ పెట్టిన సౌండుకే దానికి విషయం తెలిసిపోయింది. వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“అమ్మా, నాన్నకి వినపడట్లేదు. ఎన్నాళ్ళైంది?”

“నాకేం తెలుసే” అన్నాను.

“నీకు తెలీకుండా ఈ ఇంట్లో గిన్నె కూడా కదలదు. చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం. మిషను పెట్టుకుంటే చాలావరకు వినపడుతుంది, మా ఆసుపత్రిలో రోజూ చూస్తున్నాను.”

“నువ్వే చెప్పు మీ నాన్నకి.”

అది చెప్పింది. దాని ధైర్యం దానిది. ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెత్తగా చెప్పింది. ఆయన నవ్వారు.

“నా చెవికేమైందమ్మా. మీ ఆసుపత్రి వాళ్ళకి పేషెంట్లు తక్కువయ్యారా? మీ అమ్మని అడుగు, మొన్న ప్రసాద్ గారి బండికి టైమింగ్ పెట్టాను. గాజు కదిలినంత చప్పుడు, అది కూడా పట్టుకున్నాను. ఏమే, నువ్వున్నావుగా పక్కన.”

కల్పన నా వైపు చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఉన్నాను” అన్నాను.

ఉన్నానన్నది నిజమే కదా. బస్సెక్కేటప్పుడు కల్పన, “నువ్వు నాన్నని కాపాడుతున్నాననుకుంటున్నావమ్మా” అంది. ఆ తరవాత ఇంకేమైనా అంటుందేమో అని చూశాను. బస్సు కదిలింది.

శ్రావణం వచ్చేసరికి ప్రసాద్ గారు మళ్ళీ బండి తెచ్చారు. ఏడాదికి ఒకసారి వచ్చే బండి నెల తిరిగేసరికే రావడం అదే మొదలు.

“సామ్యేలూ, ఇదేదో తేడాగా ఉందయ్యా. ఊళ్ళో తిరిగితే బాగానే ఉంటుంది. చల్లపల్లి వైపు వెళ్ళినా బాగానే ఉంది. వంతెనో, ఎత్తో కనపడితే చాలు, ఆయాసపడుతోంది. వేడెక్కిపోతోంది. లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు చప్పుడు.”

“చప్పుడా?” అన్నారు మా ఆయన. “టైమింగ్ నేనే పెట్టాను, దాంట్లో తేడా ఉండదు. రవ్వ సరిగ్గా పడట్లేదేమో చూస్తా.”

రెండు రోజులు ఆ బండి మీదే ఉన్నారు. ప్లగ్గులు తీసి చూశారు. ప్లగ్గులకి కరెంటు మోసుకెళ్ళే వైర్లు ఒక్కొక్కటీ లాగి, వంచి, ఎక్కడన్నా పగుళ్ళున్నాయేమో చూశారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూశారు. వైరు కొసని ఇనుముకి దగ్గరగా పట్టి, నన్ను తాళం తిప్పమన్నారు. రవ్వ టక్కున నీలంగా పడింది.

“నీలంగానే పడుతోంది” అన్నారు. “రవ్వకి కరెంటిచ్చే కాయిల్ బాగుంది. వైర్లు బాగున్నాయి. మరి ఎందుకు?”

ఆయనకి ఒక పట్టుదల ఉంది. బతికున్న పార్టు మార్చడం పాపమంటారు. ఊళ్ళో కొందరు ఏది తోస్తే అది మార్చేసి చేతులు దులుపుకుంటారు, ఈయన అలా కాదు. ఏది పోయిందో తెలిస్తేనే మారుస్తారు. పోయినదేదో కనపడక, ఆ రెండు రోజులూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, వాన చూస్తూ నిలబడిపోయేవారు. నాకు చూడబుద్ధి కాలేదు. రోగం ఎక్కడుందో నాకు తెలుసు. మందు కూడా తెలుసు, డబ్బా కాస్త వెనక్కి తిప్పడమే.

“ఏవండీ” అన్నాను రెండో రోజు, ఎదురుగా నిలబడి. “బజారులో పోతయ్య షెడ్డులో ఆ టైమింగ్ లైటు ఉందిగా. ఒక్కసారి అడిగి తెచ్చి చూడకూడదూ?”

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి నన్ను చూశారు. కోప్పడితే బాగుండేది.

“ఇంట్లో దానికి కూడా నమ్మకం పోయిందన్నమాట” అన్నారు.

“నమ్మకం సంగతి కాదండీ” అన్నాను. ఇంకేం అనాలో తోచక లోపలికొచ్చి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముకున్నాను.

మూడో రోజు ప్రసాద్ గారు వచ్చారు. మా ఆయన అప్పటికి ఒక నిర్ణయానికి రాలేక, ఆయన రాగానే చెప్పేశారు. “పార్టులేవీ పోయినట్టు కనపడట్లేదండీ. అయినా ముప్పై ఏళ్ళ సామాను. వానాకాలం చెమ్మకి వైర్లలోంచి కరెంటు కారిపోతుందేమో. ప్లగ్గులు, వైర్లు, మూత, కాయిల్ మొత్తం మార్చి చూడొచ్చు. మార్చమని మాత్రం నేను చెప్పలేను. మీ ఇష్టం.”

ప్రసాద్ గారు ఆలోచిస్తూ వెనక వైపుకి వచ్చారు. నేను టీ పెట్టి ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించారు.

“చెల్లెమ్మా, నాకేం పాలుపోవట్లేదు. మా ఆవిడ సరళేమో అమ్మెయ్యమంటోంది. సామ్యేలు మార్చమనీ అనడు, వద్దనీ అనడు. గుడివాడలో ఒకతను ఉన్నాడట, మిషను పెట్టి చూసి ఏం పోయిందో ఇట్టే చెప్పేస్తాడట. ఒకసారి అక్కడ చూపిద్దామా అని ఉంది. ఇన్నేళ్ళూ ఇంకో చెయ్యి పడలేదు దాని మీద. సామ్యేలు ఏమన్నా అనుకుంటాడా? నువ్వు చెప్పు. నీకు లోపలొకటి పైనొకటి ఉండదు, అందుకే నిన్నడుగుతున్నా.”

గుడివాడలో ఆ లైటు పెట్టగానే గుర్తు ఉండాల్సిన చోట కాక ఇంకెక్కడో ఉంటుంది. టైమింగ్ ఎవరు పెట్టారని అడుగుతాడు. బందరు సామ్యేలని ఈయన చెప్తారు. ఆ షెడ్డులో అప్పుడు ఎంత మంది ఉంటారో. సాయంత్రానికల్లా గుడివాడ నుంచి కోడూరుదాకా తెలిసిపోతుంది. నేను కూడా అంత తొందరగా చేరవెయ్యలేను.

“అన్నయ్యగారూ, ముప్పై ఏళ్ళ సామానండీ, మార్పించెయ్యండి” అన్నాను. “ఇంకెక్కడికీ తిప్పకండి. కొత్త పార్టులు పడితే బండి ఇట్టే బాగుపడుతుంది.”

“అంతేనంటావా?”

“అంతేనండీ.”

ఆయన మొహం తేటపడింది. టీ గ్లాసు కింద పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, “మార్చెయ్ సామ్యేలూ, చెల్లెమ్మ చెప్పింది” అన్నారు. మా ఆయన నవ్వి, మా ఇంట్లో ఇంకో మెకానిక్కు తయారైందండీ అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి వాళ్ళతోపాటు నవ్వాను. దేవుడు నన్ను ఆ నిమిషంలో చూసి ఉంటే ఏమనుకున్నాడో.

విజయవాడ నుంచి పార్టులు బస్సులో వచ్చాయి. మా ఆయన అన్నీ బిగించారు. కొత్త పార్టులు వేశాక టైమింగ్ మళ్ళీ పెట్టాలి కదా, మళ్ళీ వంతెన మీదికి తీసుకెళ్ళారు. నన్ను రమ్మన్నారు. తలనొప్పిగా ఉందని పడుకున్నాను. గంట తరవాత వచ్చి, “మొదట్లో రాలేదు. చాలా తిప్పాల్సి వచ్చింది. చివరికి దొరికింది” అని చెప్పారు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

శ్రావణం ఆఖర్లో, ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది. మా ఆయన తీసి, చెవికి గట్టిగా నొక్కి పెట్టుకుని, “ఎవరండీ? గట్టిగా చెప్పండి, వినపడట్లేదు. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు” అంటూ చివరికి నా చేతికిచ్చారు. అవతల ప్రసాద్ గారు. సరళగారితో రేపల్లెలో గృహప్రవేశానికి బయల్దేరారట. పులిగడ్డ దాటి, పెనుమూడి వంతెన ఎక్కేటప్పటికి జోరువాన. ఎదురుగాలికి బండి లాగలేకపోతుంటే ఆయన ఇంకా గట్టిగా తొక్కారట. లోపల ఫట్‌మని పగిలినట్టై, తెల్లటి పొగ కమ్మేసి, వంతెన మధ్యలో ఆగిపోయిందట. కింద కృష్ణ గట్లంటా పోతోంది. వెనక లారీలు.

“మాకేం కాలేదు చెల్లెమ్మా. సరళ భయపడింది, అంతే. పట్టుచీరంతా తడిసిపోయింది పాపం. రొయ్యల లారీ అతను తాడు కట్టి కిందికి లాగుతానన్నాడు. సామ్యేలుకి చెప్పు, ఆదరాబాదరాగా రావద్దని. రేపు ట్రాక్టరుకి కట్టించి నేనే పంపిస్తా.”

నేను ఆయన మాటలన్నీ మా ఆయనకి మొహంలో మొహం పెట్టి చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. నా బండే, నా బండే అని రెండుసార్లు అనుకున్నారు. ప్రసాద్ గారి బండిని ఎప్పుడూ ఆయన నా బండనే అంటారు.

మర్నాడు ట్రాక్టరు దాన్ని లాక్కొచ్చి షెడ్డులో వదిలి వెళ్ళిపోయింది. వాన పడుతూనే ఉంది. చూరు కింద తడవకుండా ఏడెనిమిది మంది నిలబడ్డారు. వాళ్ళలో కోడూరు చిన్నబాబు గారు కూడా ఉన్నారు. పొద్దున్నే అంబాసిడర్ తెచ్చారు, టైమింగ్ పెట్టించుకోవడానికి. దాని తాళాలు మేకుకి తగిలించి, తన వంతు కోసం చూస్తున్నారు.

మా ఆయన ముందు మారుతీ విప్పారు. ఇంజన్ పై భాగం ఊడదీసి పక్కన పెట్టి, లోపలికి చూశారు. నేను టీ తీసుకొచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. మూడు పిస్టన్లలో మధ్యది పాడైపోయింది. నున్నగా ఉండాల్సిన దాని నెత్తి చెదలు తిన్న చెక్కలా గుల్లగుల్లగా ఉంది, ఒక పక్కన బఠాణీ గింజంత కన్నం పడింది. ఆయన ఆ కన్నం మీద వేలు పెట్టి, తియ్యకుండా అలాగే ఉండిపోయారు. చెవికి అందనిది ఆయన కంటికి అందింది. పిస్టన్‌కి అలాంటి కన్నం ఎందుకు పడుతుందో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రవ్వ మరీ ముందు పడితే, ఆ గలగల ఆగకుండా మోగితే, రోజుల తరబడి మోగితే పడుతుంది.

తలెత్తకుండానే అడిగారు.

“సత్యా. గిలకలదిండి వెళ్ళిన రోజు, వంతెన మీద. నీకెలా వినపడింది?”

నేను అబద్ధం కోసం వెతుక్కున్నాను. నాకు కావలసినప్పుడు ఒక్కటీ దొరకలేదు.

“పెద్దగా” అన్నాను.

ఆయనకి వినపడలేదు. తలెత్తి నా మొహం చూశారు. నా కళ్ళలో నీళ్ళు చూశాక ఇంక మాట అక్కర్లేకపోయింది. ఆయన కోప్పడలేదు, ఎందుకు చెప్పలేదని అడగలేదు. చేతిలో స్పానర్‌ని మెల్లగా ట్రేలో పెట్టారు.

అప్పుడే ప్రసాద్ గారు కొడుకు కారులోంచి దిగి, గొడుగు ముడుస్తూ లోపలికొచ్చారు.

“సామ్యేలూ” అన్నారు.

మా ఆయన అటు వైపు వీపు పెట్టి ఉన్నారు. పలకలేదు.

“సామ్యేలూ” అన్నారు మళ్ళీ, ఇంకాస్త దగ్గరికొచ్చి. పలక్కపోయేసరికి, విప్పిన ఇంజన్ వైపు చూసి, మా ఆయన వీపు వైపు చూసి, నా వైపు చూశారు. మార్పించెయ్యండి అన్న నోరు ఇదే కదా. నేను తల దించుకుని, మా ఆయన భుజం తట్టి అటు చూపించాను.

మా ఆయన లేచారు. నూనె చేతులు లుంగీకి తుడుచుకుంటూ ప్రసాద్ గారికి బాగా దగ్గరగా వెళ్ళి, ఆయన చెవి దగ్గర వంగారు. నలుగురిలో అనరాని మాట చెప్పేటప్పుడు మనుషులు వంగుతారే, అలా.

“పార్టుల తప్పు కాదండీ. మీ పాత వైర్లూ కాయిలూ బంగారంలా ఉన్నాయి. నా చెవి పోయింది ప్రసాద్ గారూ. టైమింగ్ నేనే చెడగొట్టాను. ఇంకెవరితోనూ అనకండి. పది మందికీ తెలిస్తే నా దగ్గరికెవరూ రారు.”

ఆ మాటలు ఆయన మెల్లగా చెప్పాననుకున్నారు. రేకుల మీద వాన చప్పుడుని దాటి, చూరు కింద నిలబడ్డ చివరి మనిషిదాకా ప్రతి అక్షరం వినపడింది. ప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు. చిన్నబాబు గారు కాస్త ఆగి, ఎవరి మొహమూ చూడకుండా, మేకుకున్న తాళాలు తీసుకుని వానలోకి నడిచారు. అంబాసిడర్ స్టార్టయ్యి, రివర్సు తీసుకుని, రోడ్డెక్కి వెళ్ళిపోయింది. మా ఆయన అటు తిరగలేదు.

ప్రసాద్ గారు ఏదో అన్నారు. వాన చప్పుడులో ఆ మాట నాకే సరిగ్గా అందలేదు. మా ఆయన నా వైపు తిరిగి, ఏమన్నారన్నట్టు చూశారు.

“ఎవరికీ చెప్పరంట” అన్నాను, ఆయనకి వినపడేలా.

ఆయన తల ఊపి, మళ్ళీ ఇంజన్ ముందు కూర్చున్నారు.